త్యాగంలో మనకు సాటి లేరు

పిల్లల చదువు కోసం ఎచ్చెర్ల మండలంలో తల్లిదండ్రులు చేసే త్యాగం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మాట వరసకు అనడం లేదు, మనసారా అంటున్నాను. జూన్ 12న బళ్లు తెరుస్తారంటే మే నెలలోనే ఇల్లంతా ఆ పని మీద పడుతుంది. డ్వాక్రా సంఘంలో తీసిన అప్పు ఫీజు కింద వెళ్లిపోతుంది. చెవి దిద్దులు తాకట్టు కొట్టుకు చేరతాయి. శ్రీకాకుళం వెళ్లి టై, బెల్టు, తెల్ల సాక్సులు, నల్ల బూట్లు తెస్తారు. పైడిభీమవరంలో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి కళ్లు మండుతున్నా పడుకోడు, బిడ్డను బండి ముందు కూర్చోబెట్టుకుని హైవే దాకా దిగబెట్టి వస్తాడు. తల్లి తెల్లవారకముందే లేచి క్యారేజీ కడుతుంది. తనకు ఒక చీర కావాలంటే సంక్రాంతి దాకా ఆగే మనిషి, బిడ్డ బడి సంచి దగ్గర మాత్రం వెనకాడదు. ఆ బిడ్డకు మూడేళ్లు. కొందరికి అవి కూడా నిండి ఉండవు.

డబ్బిచ్చారు, బంగారం ఇచ్చారు, కంటి నిద్ర ఇచ్చారు. ఇన్ని ఇచ్చిన చేతులు బిడ్డకు ఇంకో రెండేళ్ల కాలాన్ని మాత్రం ఇవ్వలేకపోయాయి. పైసా ఫీజు లేనిది అదొక్కటే.

బిడ్డను బడిలో వేసే సంగతి తల్లిదండ్రులు మరిచిపోయినా వీధి మరిచిపోదు. చిలకపాలెంలో అయినా, కుప్పిలిలో అయినా, ఫరీదుపేటలో అయినా బిడ్డ కాస్త గట్టిగా పరుగెత్తడం మొదలుపెట్టాడంటే చాలు, అరుగుల మీంచి అడిగేస్తారు. "ఏటమ్మా, గుంటడికి మూడేళ్లొచ్చీసినాయి కదా, ఇంకా కాన్వెంట్లో ఎయ్యలేదేటి? మా మనవడు అప్పుడే ఏబీసీడీలన్నీ అప్పజెప్పీస్తన్నాడు." అడిగిన మామ్మకు ఆ బిడ్డంటే నిజమైన ప్రేమే. జొరమొస్తే కషాయం కాచి తెచ్చేది ఆవిడే, తల్లి పనికెళ్లిన రోజు అన్నం కలిపి పెట్టేదీ ఆవిడే. పరాయి బిడ్డ భవిష్యత్తు గురించి ఇంతగా పట్టించుకునే మనుషులు పెద్ద నగరాల్లో దొరకరు. ఆ పట్టింపుకు తలవంచి ఎంతమంది తల్లులు, ఇంకో ఏడాది చూద్దామని మనసులో ఉన్నా, ఆ జూన్‌లోనే బిడ్డను తీసుకెళ్లి బల్ల మీద కూర్చోబెట్టేశారో!

పిల్లల ఈడు గురించి ఇంత నిశ్చయంగా మాట్లాడడం ఈ ప్రాంతపు పెద్దలకు పాత అలవాటే. గురజాడ 'కన్యాశుల్కం' మొదటి కూర్పుకు రాసిన పీఠికలో ఒక జాబితా సంగతి చెప్పారు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి రాయించిన జాబితా అది. అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు 1034 తేలాయి. ఆ పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. బడినీ ఆ పెళ్లినీ నేను ఒక్క గాట కట్టడం లేదు. బడి మంచిది, ఆ పెళ్లి ఘోరం. అక్కడా ఇక్కడా బిడ్డ ఈడును తేల్చింది పెద్దల అవసరమే అన్నంతవరకే నా మాట. అప్పటి పెద్దలకూ ఈడు విషయంలో అనుమానం రాలేదు, ఇప్పటి మనకూ రావడం లేదు.

ఇక కాన్వెంటు సంగతి. దాన్ని తిట్టడం అందరికీ సులువు. నేను మెచ్చుకుంటాను. ఒకటో తరగతికి ముందే ప్రీ కేజీ, నర్సరీ, ఎల్కేజీ, యూకేజీ అని నాలుగు తరగతులు పెట్టి, రెండున్నరేళ్ల బిడ్డకు కూడా చోటు చూపిస్తోంది. వాన పడినా పసుపు వ్యాను వేళకు వీధి చివరకు వస్తుంది. ప్రతి బిడ్డ పేరూ, ఏ ఇంటి గుంటడో, ఎవరు ఏ మలుపు దగ్గర ఏడుపు అందుకుంటారో డ్రైవరుకు తెలుసు. ఏడ్చేవాణ్ని తన పక్కన కూర్చోబెట్టుకుని, దారిలో లారీలూ గేదెలూ చూపిస్తూ తీసుకెళ్లే డ్రైవర్లు ఉన్నారు. ఆయమ్మ రోజుకు ఎన్ని ముక్కులు తుడుస్తుందో, ఎన్ని నిక్కర్లు మారుస్తుందో ఎవరూ లెక్కపెట్టరు. ఆవిడ జీతమెంతో అడిగితే సిగ్గుపడాల్సింది మనమే. సాయంత్రం దాకా బిడ్డ భద్రంగా ఉంటాడన్న ధైర్యం మీదే తల్లి కంపెనీకో, పొలానికో, ఉపాధి పనికో వెళ్లగలుగుతోంది. ఆ ధైర్యం ఇచ్చినందుకు కాన్వెంటుకు రుణపడి ఉండాలి.

అయితే ఆ పని కాన్వెంటుది కాదు. ముప్పై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే కర్మాగారంలో వాళ్ల ఆరేళ్లలోపు పిల్లల కోసం గాలీ వెలుతురూ ఉన్న గది, చూసుకోవడానికి శిక్షణ పొందిన మనిషి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. 50 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా శిశుగృహం పెట్టాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి సవరణ తెచ్చారు. ఉపాధి పని జరిగే చోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే, ఒక మహిళను వాళ్లను చూసుకోవడానికే పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో రాశారు. యజమాని మీద, ప్రభుత్వం మీద చట్టం పెట్టిన ఆ బరువును తల్లి తన అప్పు డబ్బుతో కొని మోస్తోంది. కాన్వెంటు కాదనకుండా ఎత్తుకుంది. కాకపోతే, బిడ్డను చూసుకుంటామని మాత్రమే బోర్డు రాస్తే ఎవరూ అంత డబ్బు కట్టరు. అందుకని చదువు చెబుతామని రాసింది. రాసింది గనక చెప్పాల్సి వచ్చింది. చెప్పినట్టు ఇంట్లోవాళ్లకు కనిపించాలి గనక హోంవర్కు ఇచ్చింది. హోంవర్కు రాయాలి గనక మూడేళ్ల చేతికి పెన్సిలు ఇచ్చింది.

అందరికన్నా ఎక్కువ మెచ్చుకోవలసింది ఆ చెయ్యి గల బిడ్డను.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు వాటిలో ఒక్కటి కూడా ఎముకగా ఉండదు, అంతా మెత్తని మృదులాస్థే. మొదటి ఏడాదిలో రెండు గట్టిపడటం మొదలవుతుంది. మూడేళ్లకు మూడో, నాలుగో కనిపిస్తాయి. మిగిలినవి ఆరేళ్ల దాకా ఒక్కొక్కటిగా వస్తాయి. చివరిది ఎనిమిదేళ్లు దాటాకగానీ రాదు. ఎక్స్‌రే తీసి చేతిని చూస్తే బిడ్డ వయసు ఇంచుమించు చెప్పగలిగేది అందుకే. అలాంటి చేతితో మన బిడ్డ నాలుగు గీతల పుస్తకంలో, గీత దాటకుండా, పేజీకి ఇన్ని వరసలని, కర్సివ్‌లో 'ఏ' నుంచి 'జెడ్' దాకా రాస్తున్నాడు. పెన్సిలును పిడికిలితో పట్టుకుని, నాలుక బయటపెట్టి, భుజం అంతా కదిలిస్తూ రాస్తాడు. వంకర పోతే చెరిపించుకుంటాడు, మళ్లీ రాస్తాడు. ఇంత కష్టం పెద్దవాళ్లలో ఎవరు పడతారు? మట్టి పిసికి, రాళ్లు ఏరి, పీతల వెంట పరుగెత్తి బలపడాల్సిన వేళ్లు ఆ పనులేవీ చేయకుండానే ఈ పని నెత్తిన వేసుకున్నాయి.

మూడేళ్లకూ ఐదేళ్లకూ మధ్య పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలంటారు నిద్ర వైద్యులు. ఉదయం ఆరింటికి లేపి, నూనె రాసి, నీళ్లు పోసి, ఇడ్లీ నోట్లో కుక్కి వ్యాను ఎక్కించిన బిడ్డ, మధ్యాహ్నం రెండింటికి టై బిగించుకుని బల్ల మీద కూర్చుని ఉంటాడు. కళ్లు మూతలు పడుతుంటాయి. పక్కవాడు పొడుస్తాడు, లేస్తాడు. జూన్ నెల ఉక్కలో, బంగాళాఖాతం నుంచి గాలి కూడా ఆడని పూట, ఆ బూట్లలో ఆ కాళ్లు ఉడికిపోతుంటాయి. వాడు ఏమీ అనడు.

మొదటి వారం ఏడుస్తాడు. రెండో వారం కొంచెం ఏడుస్తాడు. మూడో వారం మానేస్తాడు. "అలవాటు పడిపోనాడమ్మా" అని ఇంట్లో సంబరం. ఏడ్చినా అమ్మ రాదని తెలుసుకున్న మూడేళ్ల బిడ్డ ఓర్పు ముందు, నెలాఖరు దాకా అప్పులవాణ్ని ఆపే మన ఓర్పు ఏపాటిది!

వాడు ఇంటి దగ్గర నుంచి ఒక భాష తెచ్చుకున్నాడు. 'ఏటి', 'ఎందుకెల్లాలి', 'నాను రాను' అంటూ ప్రశ్నలతో, అలకలతో, లెక్కలతో నిండిన పూర్తి భాష. మూడేళ్లకు మనిషికి ఉండే ఆస్తి అదొక్కటే. గేటు దగ్గర దాన్ని వదిలి లోపలికి వెళ్తున్నాడు. ఒంటికి వస్తే చిటికెన వేలు చూపించాలి, ఇంగ్లీషులో ఒక పూర్తి వాక్యం చెప్పి అనుమతి అడగాలి. ఆ వాక్యం నోటికి వచ్చేదాకా ఆపుకుంటాడు. ఆపుకోలేకపోతే తడిసిన నిక్కరుతో నలుగురిలో నిలబడతాడు. ఈ జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, అడవిలో సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తాను ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టిన మనిషి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా మన బళ్లన్నీ జరుపుతాయి. కాన్వెంట్లలోనూ జరుపుతారు, పిల్లలకు పంచె కట్టి ఫొటోలు తీస్తారు. మహనీయులను మరిచిపోని జాతి మనది. ఆ ఒక్కరోజైనా బిడ్డ ఒంటికి తెలుగులో అడగొచ్చు.

పాతకాలపు హెడ్మాస్టరు దగ్గర జనన ధ్రువపత్రాలు ఉండేవి కావు. తాత మనవణ్ని తీసుకెళ్లి నిలబెడితే, ఆయన బిడ్డ కుడిచేతిని నడినెత్తి మీదుగా పోనిచ్చి ఎడమ చెవి అందుకోమనేవారు. అందితే ఒకటో తరగతిలో పేరు రాసేవారు. అందకపోతే, "వచ్చే ఏడు తీసుకురా" అని పంపేసేవారు. పసితనంలో తల పెద్దది, చేతులు పొట్టివి. ఆరేళ్ల ప్రాంతంలోగానీ ఆ చెయ్యి ఆ చెవిని అందుకోదు. కొలతలో పొరపాట్లు ఉండేవి. బక్కపలచగా, కురచగా ఉన్న బిడ్డకు ఒక ఏడాది ఊరికే పోయేది. రిజిస్టర్లో పుట్టినరోజు ఆయనకు తోచిన తేదీయే, అందుకే ఆ తరంలో చాలామంది జూన్‌లోనో జూలైలోనో పుట్టినట్టు కాగితాలు ఉంటాయి. వాటిని నెత్తిన పెట్టుకోమని నేను అనను. కానీ ఆ కొలత తీయాలంటే హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచి బిడ్డ దగ్గరకు రావాలి, తల మీద చెయ్యి వేయాలి, ముఖంలోకి చూడాలి. 2023 అక్టోబరు నుంచి బడిలో చేర్చడానికి జనన ధ్రువపత్రం ఒక్కటే చాలునని కేంద్రం చట్టం చేసింది. చక్కటి సదుపాయం, తేదీల తకరారు తీరింది. ఇప్పుడు చేర్చుకునేవాళ్లు కాగితం చూస్తే సరిపోతుంది, బిడ్డ వైపు తలెత్తి చూడనక్కర్లేదు.

ప్రభుత్వాలు ఈ ఈడు గురించి ఆలోచించినంతగా ఇంకెవరూ ఆలోచించలేదు. 1950లో రాజ్యాంగం 45వ అధికరణంలో పద్నాలుగేళ్ల దాకా పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత చదువు అన్నారు. 1975 అక్టోబరు 2న గాంధీ జయంతి నాడు సమగ్ర శిశు అభివృద్ధి పథకం పెట్టి అంగన్‌వాడీలు తెరిచారు. 2002లో 86వ సవరణ చేసి, ఆరు నుంచి పద్నాలుగు దాకా చదువును హక్కు చేశారు. ఆరేళ్లలోపు పిల్లల సంగతిని, రాజ్యం ప్రయత్నించాలి అన్న మాటతో 45వ అధికరణంలోకి సర్దారు. 2009 విద్యాహక్కు చట్టం కూడా ఆరేళ్ల దగ్గరే మొదలవుతుంది. 2020 జాతీయ విద్యావిధానం వచ్చి, మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశ, ఆటలతోనే చదువు, ఆరేళ్లు నిండాకే ఒకటో తరగతి అంది. 2023 ఫిబ్రవరిలో కేంద్రం ఆ మాటే చెబుతూ రాష్ట్రాలకు ఉత్తరం రాసింది, 2024లో మళ్లీ రాసింది. మన దగ్గర ఐదేళ్లు నిండితే ఒకటో తరగతి అన్న లెక్కే నడుస్తూ వచ్చింది. బళ్లను 2022లో 117 జీవోతో ఆరు రకాలు చేశారు, 2025లో దాన్ని తీసేసి తొమ్మిది రకాలు చేశారు. శాటిలైట్, ఫౌండేషనల్, బేసిక్, మోడల్ అని పేర్లు పెట్టారు. పేర్ల మీద ఇంత శ్రమ పడిన శాఖ ఇంకోటి లేదు. కుప్పిలిలో నాలుగేళ్ల పిల్ల తల్లికి తన బిడ్డ రేపు ఏ రకం బడికి వెళ్లాలో చెప్పే మనిషిని పంపడం ఒక్కటే మిగిలిపోయింది.

తల్లుల మీద గౌరవం కూడా తక్కువ లేదు. 2020 జనవరిలో అమ్మఒడి మొదలైంది, 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చింది. బడికి వెళ్లే ప్రతి బిడ్డకూ ఏడాదికి పదిహేను వేలని చెప్పి, బడి నిర్వహణకు రెండు వేలు తీసి, పదమూడు వేలు తల్లి ఖాతాలో వేశారు. ఆ డబ్బు చేతికొచ్చిన రోజు ఎన్నో ఇళ్లలో పాత బాకీ తీరింది; నేను దాన్ని తక్కువ చేయను. ఆ డబ్బు ఒకటో తరగతి దగ్గర మొదలవుతుంది. మూడేళ్ల బిడ్డను ఇంట్లో చూసుకుంటూ కూలి పోగొట్టుకున్న తల్లికి అందులో భాగం లేదు. బిడ్డను ఎంత త్వరగా ఒకటో తరగతి గీత దాటిస్తే అంత త్వరగా వందనం అందుతుంది. బీద తల్లి ఆ గీత వైపు బిడ్డ చెయ్యి పట్టి లాగితే ఆమెను ఏమని తప్పుపడతాం?

దేశం మొత్తం మీద పల్లెల్లో ఒకటో తరగతిలో ఉన్న పిల్లల్లో ఐదేళ్లు, అంతకు తక్కువ వయసువాళ్లు 2018లో 25.6 శాతం, 2022లో 22.7, 2024లో 16.7 అని అసర్ విద్యా సర్వేలు తేల్చాయి. తగ్గుతోంది, సంతోషం. కాన్వెంట్లలో ఎల్కేజీ, యూకేజీ పేరుతో ఒకటో తరగతి పాఠాలే చెప్పించుకుంటున్న పిల్లలు ఈ లెక్కలోకి రారు.

ఇప్పుడు అంగన్‌వాడీ టీచరమ్మ గురించి. ఈవిడను పొగడటానికి నాకు మాటలు చాలవు. గర్భిణులకు, బాలింతలకు సరుకులు పంచుతుంది. పిల్లల బరువు, పొడవు కొలిచి ఫోన్‌లో ఎక్కిస్తుంది. సిగ్నల్ రాకపోతే డాబా ఎక్కి ఎక్కిస్తుంది. కేంద్రం యాప్‌లో ఒకసారి, రాష్ట్రం యాప్‌లో ఒకసారి ఎక్కించిన రోజులూ ఉన్నాయి. గుడ్లు లెక్కపెడుతుంది, పాలు లెక్కపెడుతుంది, ఓటర్ల జాబితా సవరణ వస్తే ఇంటింటికీ తిరుగుతుంది. వీటన్నిటి మధ్య మిగిలిన వేళలో మూడేళ్ల పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, వాళ్ల భాషలోనే పాట పాడి, రంగు పూసలు వేరు చేయించి, చేతులు కడిగించి, అన్నం తినిపించి, చాప మీద పడుకోబెడుతుంది. మూడేళ్ల బిడ్డకు ఏం కావాలో అదంతా అక్కడే ఉంది: ఆట, పాట, గుడ్డు, కునుకు, ఒంటికి తెలుగులో అడగొచ్చు. బిడ్డ మెదడులో 85 శాతానికి మించిన ఎదుగుదల ఆరేళ్లలోపే జరిగిపోతుందని 2020 విధానపత్రం రాసింది. ఆ 85 శాతాన్ని చేతిలో పెట్టిన మనిషికి మన రాష్ట్రం నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000 ఇస్తూ వచ్చింది. దాన్ని జీతం అనడానికి కూడా మనసొప్పక గౌరవ వేతనం అన్నారు. వీళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ గ్రాట్యుటీ కోసం, వేతనం పెంపు కోసం 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు వాళ్లు రోడ్ల మీద కూర్చుంటే, అత్యవసర సేవల చట్టం ఎస్మా ప్రయోగించారు. వాళ్ల పని అంత అత్యవసరమని ప్రభుత్వం ఒప్పుకున్న సందర్భం అదొక్కటే నాకు కనిపించింది.

మన ఊళ్లలో జనం టీచరమ్మను గౌరవిస్తారు. గుడ్లు, పాలు అక్కడే తీసుకుంటారు. బిడ్డ పేరు ఆమె రిజిస్టర్లో ఉంటుంది, బిడ్డ మాత్రం పసుపు వ్యానులో ఉంటాడు. "ఆడ ఏటి సదువు సెప్తారు, ఆటలేగా" అంటారు. ఆ వయసుకు కావలసిన చదువు అదేనని పేరు తెలియకుండానే గుర్తుపట్టి, దాన్నే వద్దనుకున్నారు. అంగన్‌వాడీలన్నీ గొప్పగా ఉన్నాయని చెప్పను. చాలాచోట్ల ఒకటే గది, అందులోనే సరుకుల బస్తాలు, బాత్రూముకు తలుపు ఉండదు. రాజస్థాన్, అస్సాం, తెలంగాణ పల్లెల్లో సుమారు 14 వేల మంది నాలుగేళ్ల పిల్లలను ఎనిమిదేళ్లు వచ్చేదాకా వెంబడించి చూసిన అధ్యయనం ఒకటి 2017లో వెలువడింది. అంగన్‌వాడీకి వెళ్లినా, ప్రైవేటు నర్సరీకి వెళ్లినా, ఐదేళ్లకు ఎక్కువమంది పిల్లలు బడి చదువుకు సిద్ధంగా లేరని అందులో తేలింది. ఒకచోట ఆట సరిగా లేదు, రెండోచోట అక్షరాలు, అంకెలు బట్టీ పట్టించడమే ఉంది. డబ్బు కట్టి కొన్నది కట్టకుండా వచ్చేదానికన్నా మెరుగు కాలేదు.

ఇంత తొందరపడి ముందుకు తోసిన బిడ్డ చివరికి ఎంత ముందుకు వెళ్తాడు? మన మండలంలోనే దానికి జవాబు ఉంది. ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది, ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ ఉంది. కాన్వెంటు వ్యాను ఎక్కించే తల్లి కంటికి రోజూ ఆ గేట్లు కనిపిస్తూనే ఉంటాయి. ఆ ఆశను నేను కాదనను, అది న్యాయమైన ఆశ. కానీ డాక్టరు కోర్సుకు నీట్ రాయాలంటే ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 నిండాలి. ప్రభుత్వ ఉద్యోగానికి సాధారణంగా 18. నాలుగేళ్లకే ఒకటో తరగతిలో పడ్డ బిడ్డ పదహారుకే ఇంటర్ ముగించి, ఆ గేటు బయట ఏడాది నిలబడతాడు. మూడేళ్లప్పుడు ఒళ్లో కూర్చోబెట్టి ఉంచాల్సిన ఏడాది, పదహారేళ్లప్పుడు కోచింగ్ సెంటర్లో ఫీజు కట్టి గడుపుతాడు. ఈ మధ్యలో పన్నెండేళ్లూ తరగతిలో అందరికన్నా చిన్నవాడు వాడే. కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో సుమారు 9 లక్షల 38 వేల మంది పిల్లల రికార్డులు చూసి 2012లో ఒక అధ్యయనం అచ్చువేశారు. అదే తరగతిలో జనవరిలో పుట్టిన పిల్లలకన్నా డిసెంబరులో పుట్టినవాళ్లకు, అంటే తరగతిలో చిన్నవాళ్లకు, నిలకడ లేని జబ్బు ఉందని డాక్టర్లు తేల్చడం మగపిల్లల్లో 30 శాతం, ఆడపిల్లల్లో 70 శాతం ఎక్కువట. జబ్బు లేదు, ఈడు లేదు, అంతే. మన దగ్గర డాక్టరు దాకా వెళ్లరు. "కుదురు లేదు, మొద్దు" అని ప్రోగ్రెస్ కార్డు మీదే తేల్చేస్తారు. ఫిన్‌లాండ్‌లో ఏడేళ్లకుగానీ ఒకటో తరగతి మొదలుకాదు. ఆ దేశంలో డాక్టర్లకూ ఇంజనీర్లకూ కరువేమీ రాలేదు.

ఆరేళ్ల దాకా బిడ్డను ఇంట్లో టీవీ ముందు పడేయమని నేను అనడం లేదు. బుడగట్లపాలెం లాంటి రేవుల్లో తండ్రులు గుజరాత్‌లోని వేరావల్ పడవల మీద నెలల తరబడి ఉంటారు, తల్లి చేపల గంప ఎత్తుకుంటుంది, ముసలమ్మ కంటి చూపు మీద నలుగురు పిల్లలు పెరుగుతారు. ఆ బిడ్డకు మూడేళ్ల నుంచీ ఒక మంచి చోటు కావాలి, తోటి పిల్లలు కావాలి, కథ చెప్పే గొంతు కావాలి. బల్ల, టై, నాలుగు గీతల పుస్తకం అక్కర్లేదు. ఆ పుస్తకం ఎప్పుడు తెరవాలో బిడ్డే చెబుతాడు: తనంతట తాను అన్నం తినగలిగినప్పుడు, ఒంటికి వస్తోందని నోరు తెరిచి చెప్పగలిగినప్పుడు, అమ్మ కనిపించకపోయినా సాయంత్రం వస్తుందని నమ్మగలిగినప్పుడు, చెప్పిన కథను మళ్లీ తన మాటల్లో చెప్పగలిగినప్పుడు. ఇవి ఒకడికి నాలుగున్నరకు వస్తాయి, ఒకడికి ఆరుకు వస్తాయి. తెలుసుకోవడానికి జనన ధ్రువపత్రం పనికిరాదు, మన పక్కింటి మనవడూ పనికిరాడు.

బిడ్డ కోసం దిద్దులు తాకట్టు పెట్టగలిగిన మనుషులకు నాలుగు ప్రశ్నలు అడగడం పెద్ద పని కాదు. ఈసారి కాన్వెంటు ఆఫీసులో ఫీజు ఎంతని అడిగినప్పుడు, మా వాడు మధ్యాహ్నం ఎక్కడ పడుకుంటాడు, ఒంటికి తెలుగులో అడిగితే పంపుతారా, పెన్సిలు ఏ వయసుకు ఇస్తారు అని కూడా అడగండి. కంపెనీలో సూపర్‌వైజరును, పిల్లల గది ఎక్కడుంది, అది ఏ షిఫ్టు నుంచి ఏ షిఫ్టు దాకా తెరిచి ఉంటుందని అడగండి. గ్రామసభ పెట్టినప్పుడు లేచి నిలబడి, అంగన్‌వాడీని సాయంత్రం ఆరు దాకా తెరిచి ఉంచాలంటే ఇంకో ఆయమ్మకు ఎంత జీతం ఇవ్వాలో, బాత్రూముకు తలుపు పెట్టడానికి ఎంతవుతుందో, ఆ డబ్బు ఎవరి దగ్గర ఆగిందో అడగండి.